క్లియోపాత్రా మూకీ సినిమా పూర్తిగా ఎక్కడ దొరుకుతుంది?

వల్లి_సినిమా: సాయంత్రం నుంచి ఇదే పని, తల బద్దలవుతోంది. క్లియోపాత్రా మూకీ మొత్తం ఎక్కడుందో చెప్పండి. గంటన్నర వీడియో ఒకటి దొరికితే చివరిదాకా చూశా. ఫొటోల్లో గుండెల మీద పాములు చుట్టుకున్నట్టుండే ఆ డ్రెస్ ఎక్కడా కనబడలేదు. ఎవరైనా కత్తిరించేశారా?

పాతరీలు: ఏ సంవత్సరంది? హీరోయిన్ ఎవరు?

వల్లి_సినిమా: థెడా బారా అండీ! 1917, ఫాక్స్ వాళ్లది. మూకీ అంటే అదే కదా.

పాతరీలు: అది లేదు. 1937లో కాలిపోయింది. మీరు చూసింది 1912 నాటి హెలెన్ గార్డనర్ సినిమా అయ్యుంటుంది.

సూర్యం_మాస్టారు: ఒక్క ముక్కలో తేల్చేస్తే ఎలా బాబూ? అప్పటి ఫిల్ము సెల్యులోజ్ నైట్రేట్. మండేటప్పుడు ఆక్సిజన్ కూడా తనే పుట్టించుకుంటుంది, నీళ్లలో ముంచినా ఆరదు. పాతబడితే జిగురు పట్టి, చివరికి గోధుమరంగు పొడైపోతుంది. న్యూజెర్సీ లిటిల్ ఫెర్రీలో ఫాక్స్ రీళ్లు దాచిన గదులకు సరిగా గాలి ఆడేది కాదు. జులై 9న, ఆ ఎండలకు లోపల పేరుకున్న ఆవిర్లు అంటుకున్నాయి. టాకీలొచ్చాక మూకీలు దేనికీ పనికిరావని, వెండి కోసం రీళ్లు కరిగించిన కంపెనీలూ ఉన్నాయి. నాకు కడుపు మండేది అక్కడే.

అను_ఆర్కైవ్: 'లేదు' అనకండి. కొన్ని సెకన్ల ముక్కలు మిగిలాయి. 2023లో ఇంకొంచెం బయటపడింది.

పాతరీలు: రెండు గంటల సినిమాలో రెండు నిమిషాలు కూడా లేవు. పోయినట్టే.

అను_ఆర్కైవ్: పోయిందని రాసేస్తే ఇంకెవరూ వెతకరు. ఆవిడదే 1918 సలోమీ ముక్కలు స్పెయిన్‌లో దొరికాయిగా!

సూర్యం_మాస్టారు: అమెరికా మూకీ కథాచిత్రాల్లో దాదాపు 70 శాతం పోయాయని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013 నివేదికే చెప్పింది. ఏ పేరు పెట్టి పిలిస్తే ఏం లాభం?

అను_ఆర్కైవ్: లాభం ఉంది మాస్టారూ. ఎవరి అటకమీదో పెట్టె తెరిచేవాళ్లకి అదేంటో తెలియాలి కదా.

వల్లి_సినిమా: మరి ఆవిడ నటన చూడాలంటే?

పాతరీలు: ఎ ఫూల్ దేర్ వాజ్, 1915. పూర్తిగా ఉంది, ఉచితం. నలభై దాకా చేసింది, మిగిలినవి వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. వెతికేటప్పుడు సంవత్సరం కూడా కొట్టండి, లేకపోతే 1934 టాకీ వస్తుంది.

వల్లి_సినిమా: దొరికింది, మొదలుపెట్టా. థాంక్సండీ.

పాతరీలు: మనుషులు పరిగెడుతున్నట్టుంటే ప్లేయర్‌లో స్పీడు 0.75 పెట్టుకోండి.