సేదదీర్చడమా, మర్లేయడమా? 23వ కీర్తనలో ఒక క్రియ

బైబిల్లో దావీదు పేరు మీదున్న 23వ కీర్తన మూడో వచనం మీద చిన్న సందేహం. "నా ప్రాణమునకు ఆయన సేదదీర్చుచున్నాడు." సండేస్కూల్లో కంఠతా పట్టించిన రోజుల నుంచీ ఈ మాట వింటే చెట్టు నీడ, చల్లటి నీళ్లు, ఓ కునుకు, ఇవే గుర్తొచ్చేవి. సేద అంటే అలసట. అది తీర్చడం. అంతేగా అనుకున్నాను.

మేం ఉండేది టెక్సస్‌లో, శాన్ ఆంజెలో దగ్గర. చుట్టూ గొర్రెలు, మేకల ర్యాంచులే. మొన్న ఫిబ్రవరిలో చర్చిలో పరిచయమైన ఒక పెద్దాయన వాళ్ల ర్యాంచ్‌కి తీసుకెళ్లాడు. కంచె చూసుకుంటూ పికప్‌లో తిరుగుతుంటే ఒకచోట చూడి గొర్రె ఒకటి వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటోంది. ఒంటి నిండా తడిసిన ఊలు, పెద్ద పొట్ట. చిన్న గుంటలో అలా దొర్లితే తనంతట తాను లేవలేదట. పొట్టలో గ్యాస్ నిండి గంటల్లోనే చచ్చిపోతుందట. అలా పడిన గొర్రెని వాళ్లు 'కాస్ట్' (cast) అంటారు.

పెద్దాయన దాన్ని పక్కకి దొర్లించి నిలబెట్టాడు కానీ వెంటనే వదల్లేదు. మోకాళ్ల మధ్య ఇరికించుకుని, తిమ్మిరెక్కిన కాళ్లు రుద్దుతూ చాలాసేపు అలాగే ఉన్నాడు. తొందరపడి వదిలితే నాలుగడుగులు వేసి మళ్లీ పడుతుందట. బండెక్కాక, "ప్రాణం సేదదీర్చడం గురించి దావీదు రాసింది ఇదే" అన్నాడు. దావీదు సంగతేమో గానీ నాకు మాత్రం మాట తోచలేదు.

ఇంటికొచ్చి చూస్తే హీబ్రూలో అక్కడున్నది 'యెషోబేబ్'. ధాతువు 'షూబ్', అంటే వెనక్కి తిరగడం. బైబిల్లోనే మలాకీ గ్రంథంలో "నాతట్టు తిరిగినయెడల" అన్నచోటా అదే ధాతువు. మరి మన 'సేదదీర్చు'లో ఆ తిప్పడం, నిలబెట్టడం ఎక్కడుంది?

*రిటైర్డ్ తెలుగు మాస్టారి జవాబు:*

సేద + తీర్చు, గసడదవాదేశం వల్ల తకారం దకారమైంది. మాట చక్కనిదే, తప్పు పట్టకండి. పై వచనంలో పచ్చిక, నీళ్లు అయ్యాక విశ్రాంతి రావడం వరసలోనే ఉంది. అయితే మీ అనుమానానికి జవాబు మన బైబిల్లోనే దొరుకుతుంది. 19వ కీర్తన ఏడో వచనం తీయండి. ధర్మశాస్త్రం గురించి "అది ప్రాణమును తెప్పరిల్లజేయును" అని ఉంటుంది. అక్కడా అదే షూబ్, అదే ప్రాణం. ఒకచోట సేదదీర్చారు, ఇంకోచోట తెప్పరిల్లజేశారు. తెప్పరిల్లడమంటే మూర్ఛపోయినవాడికి తెలివి రావడం. మీ గొర్రెకి సరిపోయేది అది.

*పాలమూరు నుంచి ఒకరు:*

మా నాయిన గొర్లు మేపెటోడు. మంద పక్క చేన్ల వడుతుంటే "మర్లేసుకరా బిడ్డా" అంటుండె, అంటే ఎన్కకు తిప్పుకరా అని. తిరిగి రావడమే అర్థమైతే 'నా ప్రాణాన్ని మర్లేస్తాడు' అనాలె. వెల్లకిలా పడుడు మా మందల నేను చూడలే. మాయి గొంగడి నేసే నల్ల గొర్లు, దక్కనీవి. గా దేశం గొర్లకున్నంత ఊలు వీటికి యాడిది?

*మరొకరు:*

దీనికంతా 'ఉజ్జీవం' (రివైవల్) అనే మాట ఉంది కదండీ. మన ఉజ్జీవ సభలు అవేగా.

*పోస్టు పెట్టినాయన:*

మాస్టారూ, తెప్పరిల్లడం నాకు తట్టనే లేదు. దణ్ణం. అన్నా, 'మర్లేయడం' దారి తప్పినదానికి బాగుంటుంది. పడిపోయినదాన్ని మాత్రం మర్లేయలేం, ముందు లేపాలి. వచనం కూడా అలాగే నడుస్తుంది చూడు. ముందు ప్రాణం సంగతి, ఆ తర్వాతే "నీతిమార్గములలో నన్ను నడిపించుచున్నాడు". ఆ 'మార్గములు' అన్నచోట హీబ్రూ మాటకి బండి చక్రాల జాడ అనే అర్థం కూడా ఉంది. మన 'గాడి' అన్నమాట! గాడిలో పడ్డాడు అంటాం కదా, అదే.

ఉజ్జీవం గురించి: మంచి మాటే, కానీ నా చెవికి అది మైకు, షామియానా, జనసందోహం. ఇక్కడ దానికి దగ్గరగా ఉండేది ఫోర్ట్ డేవిస్ దగ్గరి బ్లోయ్స్ క్యాంప్ మీటింగ్. ర్యాంచ్ నుంచి ర్యాంచ్‌కి మైళ్ల దూరం, వారం వారం చర్చికి వెళ్లే వీలు లేదు. అందుకని 1890లో విలియం బ్లోయ్స్ అనే ప్రెస్బిటేరియన్ పాస్టర్ ఆ చుట్టుపక్కల కుటుంబాలన్నిటినీ చెట్ల కింద ఒకచోట చేర్చాడు. పల్పిట్ అంటే ఒక కాఫీ పెట్టె, అంతే. ఇప్పటికీ ఏటా ఆగస్టులో జరుగుతుంది. అక్కడ అమ్మడాలు కొనడాలు ఉండవు. ఇది నాకు ఉజ్జీవం కన్నా సేదదీరడంలాగే అనిపిస్తుంది. కాబట్టి మాస్టారు 'సేదదీర్చు'ని వెనకేసుకు రావడం న్యాయమే.

ఇంకో సరదా సంగతి. టెక్సస్‌లో పశువుల కోసం తవ్విన చెరువుని 'ట్యాంక్' అంటారు, మన హైదరాబాద్ ట్యాంక్ బండ్‌లోలాగే! పశువులు తాగే రేకు తొట్టి కూడా 'స్టాక్ ట్యాంకే'. ర్యాంచుల వాళ్ల కోసం నడిచే కౌబాయ్ చర్చిల్లో ఆ తొట్లలోనే బాప్తిస్మం ఇస్తారు. ఈ కీర్తన రెండో వచనంలో "శాంతికరమైన జలములు" అంటే నాకిప్పుడు ఆ రేకు తొట్టే కళ్ల ముందుకొస్తోంది.

*పాలమూరు నుంచి:*

తెప్పరిల్లుడు మా దిక్కు యినలే. వడ్డ గొర్రెకు ఏమన్న పేరున్నదేమో మా అమ్మనడిగి చెప్త. ఆమె నాయిన కన్న ఎక్కువ మేపింది.