కణాలు వేయని స్కాఫోల్డ్ కూడా ఎర్రబడుతోంది, ఎందుకు?

నమస్కారం. హైదరాబాద్‌లో పీహెచ్‌డీ రెండో ఏడు చేస్తున్నాను. ఎముక మజ్జ మూలకణాలను కొలాజెన్ స్కాఫోల్డ్ (కణాలు పట్టుకుని పెరిగే ప్రోటీన్ చట్రం) మీద పెంచి ఎముకలాంటి కణజాలం తెప్పించాలని తంటాలు పడుతున్నా. మీడియంలో (కణాలకు పోసే పోషక ద్రవంలో) అందరూ వాడేవే: డెక్సామెథాసోన్ 100 నానోమోలార్, ఆస్కార్బిక్ ఆమ్లం మిల్లీలీటరుకు 50 మైక్రోగ్రాములు, బీటా గ్లిసరోఫాస్ఫేట్ 10 మిల్లీమోలార్, 10 శాతం సీరం.

21వ రోజు అలిజరిన్ రెడ్ (కాల్షియం ఉన్నచోట ఎర్రబడే రంగు) వేస్తే భలే ఎర్రబడింది. సంబరపడి ఫొటోలు తీసి ఇంటికి కూడా పంపించా (అమ్మ ‘అది ఎముకేంట్రా, కుంకుమలా ఉంది’ అంది). తీరా చూస్తే కణాలు లేని కంట్రోలూ దాదాపు అంతే ఎరుపు! అలిజరిన్ కాల్షియాన్ని పట్టుకుంటుందే గానీ, దాన్ని కణాలు పేర్చాయా, మీడియంలోంచి ఊరికే దిగిందా అన్నది దానికి పట్టదు కదా.

సీరంలోని ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమే గ్లిసరోఫాస్ఫేట్‌ను విడగొట్టి ఫాస్ఫేట్ వదులుతోందేమో, అది కాల్షియంతో కలిసి దిగుతోందేమోనని నా అనుమానం. గ్లిసరోఫాస్ఫేట్‌ను 5 మిల్లీమోలార్‌కి తగ్గిస్తే సరిపోతుందా, ఆ ఎంజైమ్ పనిచేయకుండా సీరాన్ని వేడిచేసి వాడాలా? ఆస్టియోకాల్సిన్ (ఎముక కణాలు తయారుచేసే ప్రోటీన్) చూడాలని తెలుసు, కానీ ముందు ఈ ఉత్తుత్తి ఎరుపు వదిలించుకోవాలి. తార్నాక, జీనోమ్ వ్యాలీ వైపు ఈ పని చేసినవాళ్లుంటే చెప్పండి, నేనే వచ్చి కలుస్తా.