సొంత పాటల చర్చి బ్యాండు నాలుగేళ్లైనా నిలుస్తుందా?

లంక కుర్రోడు:
అందరికీ వందనాలండి. మాది రాజోలు దగ్గర. మా సంఘం యూత్‌లో నలుగురం, రెండు గిటార్లు, ఒక బేస్, డ్రమ్స్. క్రిస్మస్‌కి అందరూ పాడే పాటలే వాయించి వాయించి విసుగొచ్చి సొంతంగా ఆరు పాటలు కట్టుకున్నాం. ఆరాధనలో పాడుకునేవి కావు, ఒకటైతే ఉద్యోగం రాక ఏడాదిన్నర ఇంట్లో కూర్చున్నవాడు దేవుడితో గొడవపడే పాట. ఈమధ్య రోడ్‌సైడ్ మాన్యుమెంట్ అనే క్రైస్తవ బ్యాండు విన్నాను, అమెరికాలో సియాటిల్ వాళ్లది, 1994లో మొదలై 1998కే ఆగిపోయిందట. అంత బాగా వాయించినవాళ్లే నాలుగేళ్లకు సర్దుకుంటే మా గతేంటని టెన్షన్ పట్టుకుంది. ఇలాంటివి ఎందుకు నిలబడవు?

పాత క్యాసెట్లు:
నాలుగేళ్లని తీసిపారేయకు బ్రదర్. ఉన్నది ముగ్గురు, తెచ్చినవి మూడు ఆల్బమ్‌లు, 1996, 97, 98, ఏడాదికొకటి! వాళ్ల పాటలు వేసిన కంపెనీ టూత్ అండ్ నెయిల్, 1993లో పెట్టారు. అప్పట్లో అమెరికాలో ఇలాంటి రికార్డులు చాలావరకు క్రైస్తవ పుస్తకాల షాపుల్లోనే అమ్ముడుపోయేవి. అక్కడికొచ్చే అమ్మానాన్నలకు కావాల్సింది పిల్లలకు కొనిచ్చే మంచి పాటలు, వీళ్లదేమో మధ్యలో తాళం మారిపోయి ఉన్నట్టుండి అరుపులు వచ్చే సంగీతం. పోనీ బయటికెళ్తే క్రైస్తవ బ్యాండు అనగానే మొహం తిప్పేసేవాళ్లూ ఉంటారు. రెంటికీ చెడ్డ రేవడి, ఇది నా అభిప్రాయంలే. కానీ బేస్ వాయించిన జొనాథన్ ఫోర్డ్ ఆ 1998లోనే అన్‌వెడ్ సెయిలర్ మొదలుపెట్టాడు, దాదాపు మాటల్లేని సంగీతం, పాతికేళ్లు దాటినా రికార్డులు తెస్తూనే ఉన్నాడు. పెడ్రో ద లయన్ అనే బ్యాండు కూడా విను, నీ గొడవపడే పాటకి చుట్టం. దాన్ని నడిపిన డేవిడ్ బజాన్ విశ్వాసం మీద తన అనుమానాలన్నీ పాటల్లో పెట్టేవాడు, 2006లో ఆ పేరు పక్కన పెట్టేసి మళ్లీ 2017లో తీశాడు.

పంటు మీద డ్రమ్స్:
ఆయ్, సియాటిల్ సంగతి సరే, నరసాపురం సంగతి నేను చెప్తాను తమ్ముడూ. 2013లో అయిదుగురం మొదలెట్టాం. పద్నాలుగు నెలలు, పదకొండు ప్రోగ్రాములు, అంతే. సఖినేటిపల్లి వైపు ప్రోగ్రాం ఉంటే డ్రమ్స్ అన్నీ గోదావరి దాటించే పడవ, అదే పంటు, ఎక్కించేవాళ్లం, పెద్ద డ్రమ్ముని బైకు మీద ఇద్దరి మధ్యా ఇరికించుకుని రేవు దాకా తెచ్చుకోవడం ఉంది చూడు, అదొక సర్కస్. ఒక ఊళ్లో రెండో పాట మధ్యలో పెద్దాయన లేచి "ఇది గుడా, రికార్డింగ్ డాన్సా" అన్నాడు, మైకు కట్టేశారు. అయినా మేం ఆగిపోయింది అందుక్కాదు. డ్రమ్మర్ కువైట్ వెళ్లాడు, బేస్ కుర్రాడికి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది, ఇంకెవడు వాయిస్తాడు? బాధేంటంటే ఒక్క పాటా సరిగ్గా రికార్డు చేయలేదు. ఫోన్లో ఒక వీడియో ఉంది, అందులో మాకంటే జనరేటరే బాగా పాడింది. ఎన్నేళ్లుంటామని లెక్కలేయకు, ముందు ఆరూ రికార్డు చెయ్యి.

తబలా అక్క:
పెద్దవాళ్లని మరీ విలన్లని చేయకండి. వాళ్లు పవిత్రం అనుకునే హార్మోనియం కూడా ఒకప్పుడు ఓడెక్కి వచ్చిందే. నరసాపురానికి మిషనరీలు బౌడెన్, బీర్ దొరలు వచ్చింది 1830ల్లో. ఆ కాలంవాడే పురుషోత్తమ చౌదరి గారు (1803–1890), ఇంగ్లీషు ట్యూన్లతో సరిపెట్టుకోకుండా మన రాగాల్లో కీర్తనలు కట్టారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తీసి చూడు తమ్ముడూ, పాట మీదే రాగం, తాళం వేసి ఉంటాయి. ముందు అందులో ఒకటి నెమ్మదిగా, శుద్ధంగా వాయించండి, ఆ తర్వాత మీది ఎత్తుకోండి. సగం మందైనా కూర్చుని వింటారు. ఆ ఉద్యోగం పాట మాత్రం గుళ్లో వద్దు, యూత్ మీటింగుకి దాచుకోండి.

లంక కుర్రోడు:
అక్కా, ఆ పాట తీసేస్తే మావాళ్లు నన్నే తీసేస్తారు. కీర్తన మాత్రం పట్టుకుంటాం. అన్నయ్యా, నీ మెసేజ్ చదివాక గుండె జారింది, మా డ్రమ్మర్‌కి గల్ఫ్ మెడికల్ అయిపోయింది, వీసా రావడమే తరువాయి. స్టూడియోకి డబ్బుల్లేవు, ఆదివారం సాయంత్రం మా మేడ మీద ఫోన్లతోనే రికార్డు చేసేస్తాం. జనరేటర్ ఉండదు గానీ పక్కింట్లో కోళ్లున్నాయి.