చీరల షూట్: సోనీ ఏ7 III కేబుల్‌తో పెడితే లైట్‌రూమ్‌లో కనబడట్లేదు, ఎవరైనా చెప్పగలరా?

ప్రశ్న:
అందరికీ నమస్తే. బెంగళూరు మారతహళ్ళిలో చిన్న స్టూడియో నాది. వచ్చే వారం చిక్‌పేట్‌లో ఒక చీరల షాపుకి కేటలాగ్ షూట్ ఉంది. తీసిన ఫోటో తీసినట్టే పెద్ద స్క్రీన్ మీద పడాలని ఓనరు పట్టు, జరీ రంగు అక్కడికక్కడే చూసి ఓకే చేస్తారట. నా దగ్గర ఏ7 III, విండోస్ ల్యాప్‌టాప్, లైట్‌రూమ్ క్లాసిక్ 12 (ఫోటోలు సరిచేసుకునే సాఫ్ట్‌వేర్) ఉన్నాయి. ఫోన్‌తో వచ్చిన సి-టు-సి కేబుల్ (రెండు కొసలా టైప్-సి) పెడితే కెమెరా చార్జ్ అవుతోంది గానీ, లైట్‌రూమ్ మాత్రం కెమెరా లేదంటోంది. టెథర్ కేబుళ్ళ (షూట్‌లో కెమెరాని ల్యాప్‌టాప్‌కి కలిపే కేబుళ్ళ) ధరలు చూస్తే గుండె ఆగినంత పనైంది. కొనక తప్పదా?

జవాబు:
తొందరపడి కొనకండి తమ్ముడూ. ముందు కెమెరా మెనూలో యూఎస్‌బీ కనెక్షన్‌ని మాస్ స్టోరేజ్‌లో పెట్టి, కార్డు లోపలే ఉంచి, కేబుల్ పెట్టండి. ల్యాప్‌టాప్‌లో పెన్‌డ్రైవ్ పెట్టినప్పటిలా కొత్త డ్రైవ్ వచ్చిందా, కేబుల్ బాగానే ఉన్నట్టు. రాలేదంటే ఆ కేబుల్ చార్జింగ్‌కే పనికొచ్చే రకమై ఉంటుంది.

డ్రైవ్ వస్తే అదే మెనూలో పీసీ రిమోట్‌కి (ల్యాప్‌టాప్ నుంచి కెమెరాని నడిపించే మోడ్) మార్చండి. చాలామంది ఆగిపోయేది ఇక్కడే.

ఇక లైట్‌రూమ్ సంగతి. సోనీ కెమెరాలకి నేరుగా టెథర్ చేసే (కేబుల్‌తో కలిపి, తీసిన ఫోటో తీసినట్టే లోపలికి తెచ్చుకునే) సదుపాయం అందులో 2024 వెర్షన్లతోనే మొదలైంది. మీ 12లో ఎంత వెతికినా దొరకదు. సోనీ వాళ్ళ ఇమేజింగ్ ఎడ్జ్ డెస్క్‌టాప్ ఉచితమే, అందులోని రిమోట్ అనే ప్రోగ్రాం తెరిచి, ఫోటోలు పడాల్సిన ఫోల్డరు చూపించండి. తర్వాత లైట్‌రూమ్‌లో ఫైల్ మెనూలో ఆటో ఇంపోర్ట్ సెట్టింగ్స్‌కి వెళ్ళి అదే ఫోల్డర్ని కనిపెట్టుకుని ఉండమని చెప్పండి. పెట్టేటప్పుడు ఆ ఫోల్డరు ఖాళీగా ఉండాలి, లేకపోతే ఒప్పుకోదు. లోపలి సబ్‌ఫోల్డర్లని అది పట్టించుకోదు కూడా.

పీసీ రిమోట్ సెట్టింగ్స్‌లో ఫోటో ఎక్కడ సేవ్ కావాలని అడుగుతుంది. పీసీ+కెమెరా పెట్టండి. డబ్బు తీసుకుని చేసే పనిలో పీసీ ఓన్లీ పెట్టడం నాకు ఇష్టం ఉండదు, మధ్యలో కేబుల్ ఊడితే కార్డులో ఏమీ మిగలదు. రా (కెమెరా ఇచ్చే ముడి ఫైలు)+జేపెగ్ తీస్తూ పీసీకి జేపెగ్ మాత్రమే పంపే ఆప్షన్ కూడా అక్కడే ఉంది. కంప్రెస్ చేయని రా ఫైలు ఒక్కోటి 47 ఎంబీ దాకా ఉంటుంది, ఓనరు గారికి అదెందుకు? జేపెగ్ చిటికెలో స్క్రీన్ మీద పడుతుంది, రా కార్డులో భద్రంగా ఉంటుంది.

కెనాన్ వాడేవాళ్ళు ఈఓఎస్ యుటిలిటీ, నికాన్ వాళ్ళు ఎన్‌ఎక్స్ టెథర్ చూసుకోండి, అవీ ఉచితమే.

ప్రశ్న:
థాంక్స్ అన్నా. డ్రైవ్ రాలేదు, తప్పు కేబుల్‌దే. ఇంట్లో ఎస్‌ఎస్‌డీ కేబుల్ ఉంటే దాంతో పెట్టాను, రిమోట్‌లో లైవ్ వ్యూతో (కెమెరా చూసేది స్క్రీన్ మీద కనబడటం) సహా వచ్చేసింది! కానీ అది మూరెడు కూడా లేదు. పైగా యూఎస్‌బీ హబ్ ద్వారా పెడితే కాసేపటికే కట్ అవుతోంది.

ఇంకొకరి జవాబు:
హబ్ తీసేసి ల్యాప్‌టాప్ పోర్టుకే నేరుగా పెట్టండి. పవర్ ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌కి వెళ్ళి యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్‌ని డిసేబుల్ చేయండి, విండోస్ కరెంటు ఆదా పేరుతో పోర్టుని నిద్రపుచ్చుతుంది. కెమెరాలో పవర్ సేవ్ టైమ్ కూడా పెంచండి.

పొడుగు విషయానికొస్తే, యూఎస్‌బీ 3 మామూలు కేబుల్ 3 మీటర్లు దాటితే నమ్మలేం. యూఎస్‌బీ 2 అయితే 5 మీటర్ల దాకా వస్తుంది, జేపెగ్‌లే పంపుతారు కాబట్టి మీకు ఆ స్పీడు చాలు. ఇంకా దూరం కావాలంటే యాక్టివ్ ఎక్స్‌టెన్షన్ (మధ్యలో సిగ్నల్‌ని బలపరిచే కేబుల్) అడగండి. చిక్‌పేట్ ఎలాగూ వెళ్తారుగా, ఎలక్ట్రానిక్స్ షాపులుండే ఎస్పీ రోడ్డు పక్కనే. ఆదివారం మాత్రం వెళ్ళకండి, చాలా షాపులు మూసి ఉంటాయి. కెమెరా, ల్యాప్‌టాప్ పట్టుకెళ్ళి కౌంటర్ మీదే పెట్టి చూసి కొనండి.

షూట్ రోజు కేబుల్‌ని ట్రైపాడ్ కాలికి ఒక చుట్టు చుట్టి వెల్క్రోతో కట్టండి. ఎవరి కాలికైనా తగిలితే లాగుడు ట్రైపాడ్ మీద పడాలి గానీ పోర్టు మీద కాదు. చీరల షూట్‌లో కుచ్చిళ్ళు సర్దేవాళ్ళు కెమెరా ముందు తిరుగుతూనే ఉంటారు.