తొమ్మిది వేల రూపాయల సీడీ ప్లేయర్‌ని కొలిచాను: ఇంతకంటే ఎందుకు?

సిగ్నల్ శాస్త్రి: ఆ చిన్న సీడీ ప్లేయర్ కొని కొలిచాను. టెస్ట్ టోన్లు సీడీ-ఆర్ (మనం రాసుకునే ఖాళీ సీడీ) మీద రాసి, అవుట్‌పుట్‌ని ఆడియో ఇంటర్‌ఫేస్‌కి కలిపి ఆర్‌ఈడబ్ల్యూ అనే ధ్వని కొలిచే సాఫ్ట్‌వేర్‌లో చూశాను. 997 హెర్ట్జ్ ఫుల్ స్కేల్ (సీడీలో పట్టే గరిష్ఠ స్థాయి) టోన్‌కి డిస్టార్షన్, నాయిస్ కలిపి 0.004 శాతం, అంటే మైనస్ 88 డీబీ (డెసిబెల్స్). 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా తేడా 0.3 డీబీ దాటలేదు. సీడీలోని 16 బిట్లకు లెక్క ప్రకారం దక్కేదే 98 డీబీ. లక్ష పెట్టి కొనేవాళ్లు డబ్బా అందానికి పెడుతున్నారు, పాటకి కాదు.

చిన్నోడు_విజాగ్: 1000 కాకుండా 997 ఏంటన్నా?

సిగ్నల్ శాస్త్రి: సీడీలో ధ్వనిని అంకెలుగా, అంటే శాంపిల్స్‌గా రాస్తారు. 1000 అయితే 441 శాంపిల్స్‌కోసారి అవే విలువలు తిరిగొస్తాయి. 997కి సెకను నిండితే గానీ రావు. ఆ అంకెల్ని ధ్వనిగా మార్చే చిప్, అంటే కన్వర్టర్‌కి ఎక్కువ పని పడుతుంది.

గోదారి శ్రోత: శాస్త్రి గారూ, అదే ప్లేయర్ నా దగ్గరా ఉంది. ఇరవై ఏళ్ల నాటి నా పాత ప్లేయర్ పక్కన పెట్టి విన్నాను. పాతదే బాగుంది. కొత్తదాంట్లో నా డిస్కులు కొన్నిట్లో గొంతు గరగరలాడుతోంది. జాతకాలు కలిశాయని కాపురం బాగుంటుందా?

సిగ్నల్ శాస్త్రి: రెండిటి సౌండ్ లెవెల్ సమానం చేశారా?

గోదారి శ్రోత: ఆంప్లిఫయర్ నాబ్ ముట్టుకోలేదు.

సిగ్నల్ శాస్త్రి: అదే మరి. మల్టీమీటర్ పెట్టి రెండిటి అవుట్‌పుట్ చూడండి.

గోదారి శ్రోత: చూశాను. కొత్తది 2 వోల్టులు, పాతది 2.3. అయితే ఏంటట?

సిగ్నల్ శాస్త్రి: 1.2 డీబీ తేడా! అంత తేడా ఉంటే గట్టిగా మోగేదే బాగున్నట్టు ఎవరికైనా అనిపిస్తుంది. 0.1 డీబీ లోపు కలపండి, ఏది మోగుతోందో మీకు చెప్పకుండా ఇంకొకరిని మార్చమనండి. అప్పుడు మాట్లాడదాం.

ప్లగ్గు పాయింట్: చవక మల్టీమీటర్ ఏసీ రీడింగ్ కరెంటు సప్లై 50 హెర్ట్జ్‌కి సరిపోతుంది. 1000 దగ్గర కొన్ని మీటర్లు తక్కువ చూపిస్తాయి. 100 హెర్ట్జ్ టోన్‌తో మళ్లీ కొలవండి.

సిగ్నల్ శాస్త్రి: రెండూ ఒకే మీటర్‌తో కొలిచారు కదా, నిష్పత్తి మారదు.

ప్లగ్గు పాయింట్: ఒకే టోన్‌తో కొలిచారని మీకెవరు చెప్పారు?

మౌనిక_హైద్: ఇది ఎంపీ3 డిస్కులు చదువుతుందా? ఎవరైనా చెప్పండి ప్లీజ్.

గోదారి శ్రోత: వోల్టుల గోల ఆపండి బాబూ. బ్రోషర్‌లో అంకెలు చూసి ఒక ప్లేయర్ కొన్నాను, ఏడాది తిరక్కుండానే డిస్కు పెడితే "నో డిస్క్" అంది. షాపువాడు మాత్రం "స్పెక్స్ సూపర్ సార్" అంటూనే ఉన్నాడు. అప్పటి నుంచీ అంకెలంటే నాకు మంట.

సిగ్నల్ శాస్త్రి: నాది రివర్స్. షోరూమ్‌లో "చెవులతో విని చెప్పండి సార్" అంటే కరిగిపోయి నాలుగు రెట్లు ఖరీదైనది తెచ్చుకున్నా. ఇంటికొచ్చి కొలిస్తే పాతదానికీ దానికీ తేడా లెవెల్ ఒక్కటే. అందుకే అడుగుతున్నా, ఏమనుకోకండి: మీ వయసెంత? యాభై దాటాక 15 కిలోహెర్ట్జ్ వినిపించడమే కష్టం.

గోదారి శ్రోత: నా వయసు మీకెందుకండీ? సంబంధం చూస్తున్నారా? గొంతు 15 కిలోహెర్ట్జ్‌లో ఉంటుందా? పొద్దున్నుంచీ "గరగర" అంటుంటే తమరు "గట్టిగా, మెల్లగా" అంటున్నారు!

చిన్నోడు_విజాగ్: 🍿

ప్లగ్గు పాయింట్: శ్రోత గారూ, ఆ గరగర అన్ని డిస్కుల్లోనా, గీతలు పడ్డవాటిలోనేనా?

గోదారి శ్రోత: గీతలున్నవాటిలోనే. కానీ అవే డిస్కులు పాతదాంట్లో శుభ్రంగా పాడుతున్నాయి.

సిగ్నల్ శాస్త్రి: అది డిస్కు తప్పు.

ప్లగ్గు పాయింట్: అంత తేలిగ్గా తోసేయకండి. సీడీలో ఎర్రర్ కరెక్షన్ సుమారు 2.5 మిల్లీమీటర్ల గీత దాకా పోయిన డేటాని పూర్తిగా తిరిగి కట్టగలదు. అది దాటితే అటూ ఇటూ శాంపిల్స్ చూసి ఊహించి పూడుస్తుంది. దిద్దడానికి వాడే కోడ్ అన్ని ఆడియో సీడీలకీ ఒకటే. కానీ గీత మీద లేజర్ ట్రాక్ తప్పకుండా పట్టుకోవడం సర్వో (లేజర్‌ని కదిపి నిలబెట్టే భాగం), పికప్ (డిస్కు చదివే లేజర్ భాగం)ల పని, అక్కడ ఒక్కో ప్లేయర్ ఒక్కోలా ఉంటుంది. మీరు కొలిచింది ఒక్క గీత లేని కొత్త సీడీ-ఆర్ మీద. 0.004 శాతం వచ్చిందంటే కన్వర్టర్ బాగుందని అర్థం. మెకానిజం సంగతి మీరు ముట్టుకోనేలేదు.

సిగ్నల్ శాస్త్రి: నేను పెట్టింది ఆడియో కొలత. మెకానిజం వేరే టాపిక్.

గోదారి శ్రోత: మీకు వేరే. నాకు ప్లేయర్ అంటే బీరువాలో ఉన్న డిస్కులు పాడేది. అందులో సగం మళ్లీ దొరకవు. మీ పోస్టు చూసి "ఇంతకంటే ఎందుకు" అని నాలాంటివాడు కొంటే? మీరు చిప్ గురించి చెప్పి ప్లేయర్ కొనమంటున్నారు.

సిగ్నల్ శాస్త్రి: కొనమని అనలేదు.

చిన్నోడు_విజాగ్: టైటిల్ అదే కదన్నా 😄

సిగ్నల్ శాస్త్రి: సరే, గీతకి కూడా కొలత ఉంది. శ్రోత గారూ, ఆ డిస్కు ఒకటి కొరియర్ చేయండి.

గోదారి శ్రోత: చచ్చినా పంపను. సన్నగా కోసిన నల్ల టేపు మీ సీడీ-ఆర్ కింద అంటించుకోండి. అర మిల్లీమీటర్‌తో మొదలుపెట్టి వెడల్పు పెంచుకుంటూ పోండి, ఎక్కడ తడబడుతుందో రాయండి. అప్పుడు నేనూ మీ గ్రాఫు చూస్తాను.

సిగ్నల్ శాస్త్రి: చేస్తాను. ముందు మీరు ఆ 1.2 డీబీ సంగతి ఒప్పుకోండి.