అప్‌డేట్: మేపుల్ సిరప్ కోసం బోస్ వెళ్లొచ్చాం

మేపుల్ సిరప్ తయారీ చూడ్డానికి కెనడాలోని క్యూబెక్‌లో బోస్ అనే ప్రాంతం దాకా వెళ్లాలా, మాంట్రియల్ పక్కన షుగర్ షాక్ (సిరప్ కాచి, భోజనం కూడా పెట్టే చోటు) చాలదా అని ఇంతకుముందు అడిగా కదా, బోస్‌కే వెళ్లాం, వర్త్. టెంపరేచర్ రాత్రి మైనస్, పగలు ప్లస్ ఉంటేనే మేపుల్ చెట్టులోంచి తీపి నీరు కారుద్ది, అందుకే మార్చి, ఏప్రిల్ సీజన్, ఆ నీరు సుమారు 40 లీటర్లు మరిగిస్తే 1 లీటర్ సిరప్. నీరు పట్టే బకెట్లు ఫొటోలకే, అడవంతా ప్లాస్టిక్ పైపులే. ఫ్రెంచ్ వాళ్లకంటే ముందే ఆదివాసీలు ఈ నీరు తీసేవాళ్లు, మాకు చూపించినాయన మాత్రం ఆ ఊసే ఎత్తలేదు. ఒకప్పుడు బురదలో నడిచి క్యూబెక్ సిటీ సంతకి వెళ్తారని బోస్ జనాన్ని నల్ల పిక్కలోళ్లని ఏడిపించేవాళ్లంట, ఇప్పుడు అదే గర్వంగా చెప్పుకుంటున్నారు. మంచు మీద పోసిన పాకం పుల్లకి చుట్టి ఇస్తారు, పిల్లలు వదల్లేదు. వెజ్ వాళ్లు ముందే ఫోన్ చేయండి, బీన్స్‌లో కూడా పంది మాంసం వేస్తారు.