మైలేజీ 45 నుంచి 30కి పడిపోయింది, ఇథనాల్ పెట్రోలేనా కారణం?

కూర్మన్నపాలెం రైడర్:
అందరికీ నమస్కారం. నాది 150 సీసీ బండి, 2011 మోడల్, పెట్రోలుని గాలితో కలిపి ఇంజన్‌కి పంపే కార్బ్యురేటర్‌ది. చలిలో స్టార్ట్ అవడానికి అదనంగా పెట్రోలు ఇచ్చే చోక్ లీవరు ఎడమ హ్యాండిల్ మీద ఉంటుంది. రోజూ వైజాగ్‌లో కూర్మన్నపాలెం నుంచి ఎన్ఏడీ ఫ్లైఓవర్ మీదుగా సిరిపురం పోయి రావడమే దీని డ్యూటీ. లీటరుకి 45కి తగ్గేది కాదు. సంక్రాంతి తర్వాత 30 దగ్గర ఆడుతోంది. ఫుల్ ట్యాంక్ కొట్టించి, మళ్లీ ఫుల్ చేసి కట్టిన లెక్క ఇది, ముల్లు చూసి చెప్తున్నది కాదు.

పొద్దున్న చోక్ ముట్టకుండానే ఒక్క కిక్‌కి లేస్తోంది. వేడి మీద ఆపితే మాత్రం మళ్లీ స్టార్ట్ అవడానికి ఏడిపిస్తోంది. సిగ్నల్లో ఆగితే సైలెన్సర్ నుంచి పెట్రోలు వాసన. ప్లగ్గు విప్పితే కొన నల్లగా, పొడి మసి. మెకానిక్ ప్లగ్గు మార్చాడు, ఎయిర్ ఫిల్టర్ మార్చాడు, కార్బ్యురేటర్ విప్పి కడిగాడు, గాలి, పెట్రోలు పాళ్లు సరిచేసే ఎయిర్ స్క్రూ తిప్పాడు. వారం తిరక్కుండా ప్లగ్గు మళ్లీ నలుపే. ఇప్పుడు "ఇథనాల్ పెట్రోలు సార్, అందరి బళ్ళూ ఇంతే" అంటున్నాడు. బోరు (ఇంజన్ సిలిండర్) పని అని మాత్రం అనకండి, డిసెంబరులో లంబసింగి ఘాట్ సుబ్బరంగా ఎక్కింది.

ఎండాడ బాబీ:
ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) వచ్చాక నాదీ తగ్గింది బ్రో. చేసేదేం లేదు, అలవాటు పడిపోవడమే.

పాత బండి మావయ్య:
బాబీ, కొంచెం తగ్గడం నిజమే, కానీ ఇంత తగ్గదు. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ. అది 20 శాతం కలిస్తే పోయేది ఆరేడు శాతం. 45 ఇచ్చే బండి 42 ఇస్తుంది, 30 ఎందుకిస్తుంది? పైగా ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి కార్బ్యురేటర్ బండిలో మిక్చర్ పలచబడాలి (గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ), ప్లగ్గు తెల్లబడాలి. ఈయనది నల్లబడుతోంది. అంటే ఎక్కణ్ణుంచో అదనంగా పెట్రోలు లోపలికి పోతోంది.

రైడర్ గారూ, ఒక్క మాట చెప్పండి. లంబసింగిలో పొద్దున్నే చోక్ లాగారా?

కూర్మన్నపాలెం రైడర్:
లాగాను మావయ్యా. ఆ చలికి లేవలేదు మరి. లీవరు బాగా బిర్రుగా ఉంది. బండి అందుకున్నాక వెనక్కి తోసేశాను, లీవరు మామూలు చోటికే వచ్చేసింది.

పాత బండి మావయ్య:
లీవరు వచ్చింది, లోపల ప్లంజర్ రాలేదు.

మన వైజాగ్‌లో చోక్‌తో పనేముంది? జనవరిలో కూడా చెమటే. ఏళ్ల తరబడి ఎవరూ లాగరు, బీచ్ గాలికి వైరు తొడుగులోనే తుప్పు పట్టి కూర్చుంటుంది. ఎప్పుడో అరకో లంబసింగో వెళ్లినప్పుడు ఒక్కసారి లాగుతాం. మీ మోడల్‌లో చోక్ అంటే గాలి మూసే రేకు కాదు, చిన్న ఇత్తడి ప్లంజర్. వైరు దాన్ని పైకి లాగితే అదనపు పెట్రోలు దారి తెరుచుకుంటుంది. వదిలితే సన్నటి స్ప్రింగు దాన్ని కిందికి నొక్కి దారి మూయాలి. తుప్పు వైరుని జరపడం ఆ స్ప్రింగు వల్ల అవుతుందా? ఒక్క మిల్లీమీటరు ఎత్తులో ఇరుక్కున్నా చాలు, రోజంతా సగం చోక్‌తో తిరుగుతున్నట్టే. పొద్దున్నే ఒక్క కిక్‌కి లేవడం, వేడి మీద మొరాయించడం, రెండూ దాని గుణాలే.

కార్బ్యురేటర్ కడిగినా ఎందుకు పోలేదంటారా? కడిగేటప్పుడు చోక్ నట్టు విప్పి, ప్లంజర్‌ని వైరుతో పాటే ఫ్రేముకి వేలాడేస్తారు. బాడీ కడిగి, దాన్ని అలాగే మళ్లీ దూర్చేస్తారు. 2020 ఏప్రిల్లో బీఎస్6 పొగ నిబంధనలు వచ్చాక కొత్త బళ్ళన్నీ దాదాపు కార్బ్యురేటర్ లేని ఇంజెక్షన్ బళ్ళే, కుర్ర మెకానిక్కుల చేతికి ఇవి తగలడం తగ్గిపోయింది. వాళ్లని అనీ లాభం లేదు.

ఇంజన్ బాగా వేడెక్కాక స్లోలో పెట్టి చోక్ లాగండి. శబ్దం మారాలి, బండి ముక్కాలి. ఏ మార్పూ లేకపోతే దారి ముందే తెరిచి ఉన్నట్టు. తర్వాత సెంటర్ స్టాండ్ మీద, స్లోలోనే, హ్యాండిల్ ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పండి. తిప్పినప్పుడు ఆర్‌పీఎం మారిందంటే ఏదో ఒక వైరు గుంజుకుంటోంది. యాక్సిలరేటర్ వైరుకి ఆట ఉందో లేదో కూడా చూసుకోండి, దానికీ ఇదే లక్షణం.

జాలారిపేట శీను:
మావయ్య సెప్పింది కరెక్టే గురూ. మా ఈధిలో ఏ బండి సూసినా వైర్లదే గొడవ, ఉప్పు గాలి కదా. పాత వైరుకి ఆయిలు పొయ్యకు, రెండు వారాలు ఆడి మళ్లీ బిగుసుకుంటాది. కొత్తదే ఎయ్యి. షాపుకి పాత వైరు అట్టుకెల్లి పక్కన పెట్టి కొలు, లేదంటే ఇంకో మోడల్ది సేతిలో పెట్టేత్తారు. కార్బ్యురేటర్ కాడ నట్టు పలాస్టిక్కుది, పానా ఎట్టి తిప్పితే పగిలిపోద్ది. సేత్తోనే ఇప్పు.

కూర్మన్నపాలెం రైడర్:
వేడి మీద చోక్ లాగితే బండికి చీమ కుట్టినట్టయినా లేదు. హ్యాండిల్ ఎడమకి తిప్పితే ఆర్‌పీఎం పెరిగింది. విప్పి చూస్తే ట్యాంకు కింద వైరు నొక్కుకుపోయి ఉంది, అక్కడ తొడుగు చీలి లోపలి తీగలు ఎర్రగా తుప్పు. ప్లంజర్ అడుగున రబ్బరు మీద గుండ్రంగా గాడి పడింది. వైరు, ప్లంజర్, స్ప్రింగు మూడూ కొత్తవి వేయించాను. ఒక ట్యాంకు తిరిగింది, 41 వచ్చింది. ప్లగ్గు ఇటుక రంగుకి వస్తోంది. కానీ ఇప్పుడు పొద్దున్నే స్లోలో ఆగిపోతోంది. ఇదేంటి?

పాత బండి మావయ్య:
అప్పుడు మీ మెకానిక్ ఎయిర్ స్క్రూ తిప్పాడన్నారుగా. చోక్ నుంచి వచ్చే పెట్రోలుకి సరిపోయేలా పలచన చేసి ఉంటాడు. ఇప్పుడు ఆ పెట్రోలు రావట్లేదు. బండి వేడి చేసి, ఆ స్క్రూ మళ్లీ సెట్ చేయించండి, ఆ తర్వాతే స్లో స్క్రూ ముట్టుకోనివ్వండి. వైరుని ట్యాంకు బిగించేటప్పుడు పక్కకి తప్పించి, క్లిప్పులో పెట్టమనండి.